నలభై పదాల పూచీ

నా కొంప ముంచినవాడు మేధావి. మేధావి అంటే మా ఆవిడ తమ్ముడు. చదువైపోయిన నాటి నుంచి నా ఇంట్లోనే అన్నం తింటూ, నా దుకాణంలోనే కుర్చీ వేసుకుని, "బావా, ఈ కాలం పద్ధతులు మీకు తెలియవు" అని నాకు బుద్ధి చెబుతూ వచ్చాడు. ఆ ముక్క అననిదే వాడికి ముద్ద దిగేది కాదు. ఈ కాలం పద్ధతి ఏమిటో ఆ రోజు పొద్దున తెలిసింది.

నేను పూత వేసిన ఆసుపత్రి కప్పు కారుతోందని డాక్టరమ్మ పంపిన కాంపౌండరు కింద దుకాణంలో కూర్చుని ఉన్నాడు. పైన వంటింట్లో మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. కాంపౌండరు తెచ్చిన కాగితం పొయ్యి పక్కన, ఉప్పు డబ్బా కింద రెపరెపలాడుతోంది. అది మా వెబ్‌సైటులోంచి తీసిన పేజీ. అందులో చివరి పేరాకి ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

కాంపౌండరు దాన్ని నాకు కిందే చదివి వినిపించాడు. ఆ మనిషి గొంతు మందు చీటీలు చదివీ చదివీ ఎండిపోయింది. మంచి వార్తయినా, చెడ్డ వార్తయినా ఒకేలా చదువుతాడు.

'మా చేతి పని పడిన ప్రతి కప్పుకూ పదేళ్ళ పూచీ మాది. పదేళ్ళలో ఏ కారణం వల్ల ఒక్క చుక్క నీరు దిగినా, ఎవరి తప్పయినా, ప్రశ్నలు అడగకుండా, ఖర్చు తీసుకోకుండా, కప్పు మొత్తానికీ మళ్ళీ మొదటి నుంచి పని చేసి ఇస్తాం. నిశ్చింతగా నిద్రపోండి. మీ కప్పు మా బాధ్యత. ఇది మా మాట.'

కారే కప్పులు ఆపడం నా వృత్తి. శ్లాబు గీకుతాను, బీటలు పూడుస్తాను, పూత వేస్తాను. నేనిచ్చే పూచీ రెండు వానాకాలాలు. అది కూడా నోటితోనే. ఇన్నేళ్ళలో కాగితం మీద ఒక్క గీత గీసిచ్చింది లేదు, మాట తప్పిందీ లేదు. నా దుకాణానికి బోర్డు చూసి ఎవరూ రారు. ఫలానావాడు చెబితే చేస్తాడట అని వస్తారు. అలాంటి నా నెత్తిన పదేళ్ళు పెట్టారు.

"బావా, నేను చాటుగా చేసిందేమీ లేదు," అన్నాడు మేధావి. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, పాఠం చెప్పే పంతులులా ఉన్నాడు. "ప్రతి వ్యాసం మీకు వినిపించాకే పెట్టాను. అక్క చదివింది. మీరు సరేనన్నారు."

"ఈ ముక్క నా చెవిన పడలేదు."

"అన్నం తింటూ విన్నారు. పడే ఉంటుంది."

"నేను అన్నం నోటితో తింటాను రా. చెవులతో కాదు."

మా ఆవిడ పాల గిన్నె మీదినుంచి చూపు తిప్పలేదు. పాలు పొంగుకు వస్తున్నాయి. చూస్తూ ఉన్న మనిషి మంట తగ్గించాలి. ఆవిడ తగ్గించలేదు.

ఈ రాతలు కొనే వ్యవహారం మొదలుపెట్టింది వీడే. ఇల్లు కారితే జనం ఇప్పుడు పక్కింటివాళ్ళని అడగరనీ, ఫోన్ని అడుగుతారనీ, ఫోను మన పేరు చెప్పాలంటే మన వెబ్‌సైటులో వారం వారం ఏదో ఒకటి రాసి ఉండాలనీ నా చెవిలో జోరీగలా రొద పెట్టాడు. గోడకి చెమ్మ ఎందుకొస్తుంది, వానలకి ముందు డాబా మీద ఏం చూసుకోవాలి, నీళ్ళ ట్యాంకు కింద బీట వస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి. రాసేదెవరు? వీడికి మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. నేను నాలుగో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. బోర్డులు చదువుతాను, బిల్లులు చదువుతాను. పేజీ నిండా అక్షరాలుంటే చీమల బారులా కదిలిపోతాయి. అందుకని బయట కొన్నాం. రాతలు అమ్మే కంపెనీలున్నాయట. పదానికింత అని లెక్క.

పదానికింత అన్నారు కాబట్టే ఒప్పుకున్నాను. కొలతకి దొరికే సరుకుతో నాకు పేచీ లేదు. లారీ ఇసుక దించుకునేటప్పుడు నేను చెక్క పెట్టి మట్టం చూస్తాను. తగ్గితే లారీ వెనక్కే. రాతకి కూడా అదే చెప్పాను. వ్యాసానికి ఐదు వందల పదాలన్నారుగా, ఒక్కటి తగ్గినా వెనక్కి పంపు, నిండాకే డబ్బు అన్నాను. లెక్కపెట్టడానికి మేధావి దగ్గర యంత్రం ఉంది. వాడూ ఆ పని బాగానే చేశాడు.

"రాసిందెవరో వాళ్ళకి ఫోను చెయ్యి," అన్నాను.

మేధావి ఫోను తీసి, అందరికీ వినబడేట్టు పెట్టి, గట్టు మీద ఉంచాడు. అటువైపు ఆడగొంతు. చిన్న వయసు. నమస్కారం చెప్పింది. వెనక ఎక్కడో కుక్కరు కూత వేస్తోంది. ఆవిడా వంటింట్లోనే ఉన్నట్టుంది.

మీరెవరు, మా కప్పులు మీరెప్పుడు చూశారు, మా పూచీ మీరెలా ఇస్తారు అని అడగాల్సిందంతా అడిగాను. గొంతు పెంచకుండానే అడిగాను. అమ్మాయి ఒక్క నిమిషం ఆగమని ఏదో వెతుక్కుంది.

"సార్, ఈ వ్యాసం మొదటిసారి పంపినప్పుడు నాలుగు వందల అరవై పదాలుంది. నలభై తక్కువని మీ దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. నింపి పంపాను."

"నింపడానికి నీకు ఇదే దొరికిందా అమ్మా?"

"విషయం అయిపోయింది సార్. చెమ్మ గురించి చెప్పాల్సిందంతా చెప్పేశాను. అందుకని మీలాంటి పని చేసేవాళ్ళు ఇంకేం రాసుకున్నారో చూశాను. ఒకరు ఐదేళ్ళ పూచీ అన్నారు, ఒకరు ఏడేళ్ళు అన్నారు. మిమ్మల్ని వాళ్ళకంటే తగ్గించడం ఎందుకని పదేళ్ళు రాశాను."

"నువ్వెప్పుడైనా డాబా ఎక్కి కప్పు చూశావా?"

"లేదు సార్. మాది అద్దె ఇల్లు. మేడ మెట్లకి ఓనరు తాళం వేసుకుంటాడు." కాస్త ఆగి అంది, "మాదీ కారుతుంది సార్."

మేధావి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మాయి మీద కాదు. నిజం చెబితే ఆ ఇంటంతటిలో నాకు సూటిగా జవాబు చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

"నువ్వు రాశావు. పూచీ నువ్వే ఇచ్చినట్టు కదా," అన్నాను.

"నేనెలా ఇస్తాను సార్? మీరు చదివి సరే అన్నారు, డబ్బు కట్టారు. అక్కడితో ఆ రాత మీది. నా పేరు కూడా ఎక్కడా ఉండదు. అదే కదా సార్ మీరు కొనుక్కునేది."

ఫోను పెట్టేయమన్నాను.

ఇసుక తగ్గితే మట్టి కలిపి నింపేవాళ్ళని చూశాను. పదాలు తగ్గితే నా సంపాదన కలిపి నింపడం ఇప్పుడే చూశాను. ఈ కాలంలో మనిషి నోటి మాట కూడా బయట తయారై, కొలతకి వచ్చి, గుమ్మంలో దిగుతుంది. దింపుకున్నవాడు సంతకం పెట్టినట్టే.

"వెనక్కి పంపింది నువ్వు," అన్నాను మేధావితో.

"పంపమన్నది మీరు బావా."

"తక్కువైతే పంపమన్నాను. తిరిగొచ్చింది చూడకుండా దింపుకోమన్నానా?"

"చూడాల్సింది నేనా? నాకు లెక్క ఒప్పజెప్పారు, లెక్క చూశాను. మంచిచెడ్డలు మీరు చూసుకుంటానన్నారు. అందుకే కదా చదివించుకున్నారు."

"చాలు. ఇంక నా ఇంట్లో నీ మేధ చాలు. బట్టలు సర్దుకో."

మేధావి కట్టుకున్న చేతులు విప్పాడు. అక్క వైపు చూశాడు. ఆవిడ చూపు పాల గిన్నె మీదే ఉంది. వాడు లోపలి గదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మంట ఆరిపోయింది. అప్పుడు మా ఆవిడ గుడ్డ తీసి గట్టు తుడుస్తూ, నా వైపు చూడకుండానే నోరు విప్పింది.

"వాణ్ణి పొమ్మనకండి. ఆ పేరా నేను చదవలేదు."

"చదవలేదంటే?"

"ప్రతిదాని చివరా మన చిరునామా, ఫోను నంబరు, దుకాణం వేళలు ఉంటాయి కదా. అక్కడికి వచ్చేసరికి మీరు చెయ్యి కడుక్కోవడానికి లేచేవారు. ముందు కొన్నాళ్ళు మీరు లేచినా చదివాను. కుళాయి చప్పుడులో మీకు వినబడదని తెలిశాక మానేశాను. ఆఖరి పేరా వచ్చిందంటే ఇక చిరునామాయే అనుకుని ఫోను పక్కన పెట్టేసేదాన్ని."

నేను పొంగిన గిన్నె దించి పక్కన పెట్టాను.

ఆవిడ నన్ను నిందించి ఉంటే బాగుండేది. తిరిగి నాలుగు అనేవాణ్ణి. నిందించలేదు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

"డాక్టరమ్మకి ఏం చెబుతారు?" అంది.

"ఉన్నదే చెబుతాను. ఆ మాట నాది కాదని."

"ఎవరిదని అడిగితే?"

"అడిగినప్పుడు చూద్దాం."

"నా పేరు చెప్పండి. నేనే చదివిపెడతాననీ, నేనే వదిలేశాననీ చెప్పండి. నాకేం నామోషీ లేదు."

అదే సమయానికి మేధావి సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. వినే ఉంటాడు. వాళ్ళక్కకి వెళ్ళొస్తానని చెప్పాడు. నాకు చెప్పలేదు. మెట్ల మీద ఆగి, "కాంపౌండరు గారికి కాఫీ ఇచ్చారా అక్కా?" అని అడిగాడు. కొంప కూలుతున్నా గుమ్మంలో ముగ్గు చెదరకూడదనే రకం వాడు. అందుకే వాడంటే నాకు మంట.

తర్వాత చెప్పులు మెట్లు దిగుతున్న చప్పుడు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

డాక్టరమ్మ ఆసుపత్రి పెద్ద వీధి మలుపులో ఉంది. కింద మందుల షాపు, మధ్యలో ఆవిడ చూసే గదులు, పై అంతస్తులో వార్డు. పోయిన ఏడు వానలు పడకముందు దాని కప్పంతా నేనే చేశాను. దగ్గరుండి గీకించాను. పూత ఎండేదాకా పిట్టని కూడా వాలనివ్వలేదు. ఆ పని చెడుతుందని దేవుడొచ్చి చెప్పినా నమ్మను.

వార్డులో మంచాలన్నీ ఒక గోడ వైపుకి జరిపి ఉన్నాయి. రెండో వైపు నేల మీద బకెట్లు. ఒక ముసలాయన మంచానికి పైన ప్లాస్టిక్ పట్టా కట్టారు. ఆయన నన్ను చూసి, "నువ్వేనా పై పని మేస్త్రీవి?" అన్నాడు. అవునన్నాను. "మాకు స్నానం ఖర్చు తప్పించావు నాయనా," అన్నాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాల్సింది. నవ్వు రాలేదు.

ఎవరూ అడగకుండానే డాబా ఎక్కాను. నా పూత నిన్న వేసినట్టుంది. చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా పొక్కు లేదు, పగులు లేదు. అయితే తూర్పు వైపున మూడు ఏసీ పెట్టెలు కొత్తగా వచ్చాయి. వాటి కాళ్ళు కదలకుండా లావుపాటి బోల్టులు నా పూతని చీల్చుకుని శ్లాబులోకి దించారు. బోల్టుల చుట్టూ నీళ్ళు గుడగుడమంటున్నాయి.

ప్రాణం లేచొచ్చింది. నా పని గెలిచింది. ఛాతీ విరుచుకునే మెట్లు దిగాను.

డాక్టరమ్మ చీటీ రాసుకుంటూ కూర్చోమన్నట్టు కుర్చీ చూపించింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. పూత చెడలేదని, బోల్టులు దించినవాడెవడో నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేదని, పిల్లి ఉట్టి తెంపితే కుమ్మరిని కొడతారా అని అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింది. రోగం చెప్పుకునేవాణ్ణి విన్నట్టు వింది.

"బోల్టులు కొట్టించింది మేమే. నాకు తెలుసు," అంది. "బిగించినవాడు కూడా ఒప్పుకున్నాడు."

"మరింకేమమ్మా?"

"ఎవరి తప్పయినా అని మీరు రాశారు కదండీ. అలా ఎవరూ రాయరు. అందుకే మీకిచ్చాను. మీకంటే తక్కువకి చేస్తామని ఇద్దరు వచ్చారు. మీ పేజీ చదివి వాళ్ళని పంపేశాను."

"పని మొదలుపెట్టిన రోజు నేను మీకు నోటితో చెప్పాను. రెండు వానాకాలాలు నా పూచీ అని."

"చెప్పారు. నాకు గుర్తుంది. పెద్దమనిషి, గొప్పలకి పోడు, ఉన్నదానికంటే తగ్గించి చెప్పుకుంటున్నాడు అనుకున్నాను."

ఇంత చేదు పొగడ్త నేనెన్నడూ మింగలేదు.

"అది నా మాట కాదమ్మా," అన్నాను.

ఆవిడ కలం మూత పెట్టింది. "మరి ఎవరిది?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అదే వచ్చిన చిక్కు. కోపంగా అడిగితే నేనూ కోపంగా చెప్పేసేవాణ్ణి.

నా నోట్లో ముగ్గురు మనుషులు ఉన్నారు. ఒకతె అద్దె ఇంట్లో కారే కప్పు కింద కూర్చుని పదాల లెక్క నింపిన పిల్ల. డబ్బు తీసుకుని పేరు వదులుకుంది, దాన్నేం పట్టుకుంటాను? రెండోవాడు సంచి భుజాన వేసుకుని పోయాడు. వాడి పేరు చెబితే, నీ దుకాణంలో నీకు తెలియకుండా పూచీలిచ్చేవాళ్ళున్నారా అంటుంది. మూడోది మా ఆవిడ. ఆవిడ పేరు చెప్పడానికి నాకు ఆవిడే అనుమతి ఇచ్చింది. అనుమతి జేబులో ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. వేడి వేడిగా వడ్డించి, ఎదురుగా కూర్చుని, నా కోసం గొంతు అరగదీసుకున్న మనిషిని తీసుకెళ్ళి పరాయి బల్ల మీద సాక్ష్యం పెట్టనా?

"నాదే," అన్నాను. "మొత్తం తీసి మళ్ళీ చేస్తాను."

డాక్టరమ్మ చీటీ పక్కకి జరిపింది.

"మొత్తం ఎందుకు? బోల్టులున్న మేరకు సరిచేయండి. ఏసీలవాడితో సగం ఖర్చు పెట్టిస్తాను. నేను మిమ్మల్ని ముంచడానికి పిలవలేదు."

అక్కడ తలూపి ఉంటే నేనిప్పుడు చెప్పేది వేరేగా ఉండేది. మా ఆవిడ తర్వాత అదే అంది. మా వీధి అంతా అదే అంది. వాళ్ళెవరూ డాబా ఎక్కలేదు. పూత కిందకి నీరు దూరాక అది ఎక్కడ తేలుతుందో దాని ఇష్టం. తూర్పున దూరింది పడమట కారుతుంది. బోల్టుల చుట్టూ పూడిస్తే ఈ వానకి ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఆగొచ్చు అనే పని నేను చెయ్యను. చెయ్యలేదు కాబట్టే నలుగురు నా గడప తొక్కారు. పైగా నాదే అని ఒప్పుకున్నాక, అందులో సగమే నాదని బేరమాడటం మగతనం కాదు, మనిషితనమూ కాదు.

"కప్పు మొత్తానికీ అని ఉంది కదమ్మా," అన్నాను.

"ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"ఆలోచించేది మాట ఇవ్వకముందు. ఇచ్చాక పనే."

బయటికి వచ్చేటప్పుడు కాంపౌండరు నాకు గొడుగు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. తలెత్తుకునే నడిచాను. అబద్ధం ఎందుకు, చాలా ఏళ్ళ తర్వాత నా ఎత్తు నాకు తెలిసింది.

ఎత్తు ఉన్నంత మాత్రాన పూత డ్రమ్ములు రావు. పాత పూత గీకడానికి మనుషులు కావాలి, కొత్త పూతకి నీరు దిగకుండా ఆపే మందు కావాలి. మందు అమ్మే కంపెనీ అరువు మానేసి ఏడాదవుతోంది. వానాకాలంలో వాళ్ళు ఎవరి మొహమూ చూడరు, నోట్లు చూస్తారు. నా దగ్గర నోట్లు లేవు. ఉన్నదంతా పెట్టి ఎప్పుడో దుకాణం వెనకున్న ఖాళీ స్థలం బిట్టు కొన్నాను. పత్రం మా ఇద్దరి పేరు మీదా ఉంది. దుకాణం పైన అద్దెకుంటూ, ఎప్పటికైనా అక్కడ ఒక గదీ వంటిల్లూ వేసుకుందామని మా ఆవిడ ఆశ. గది ఎటు చూడాలో, కిటికీ ఎక్కడ రావాలో సున్నంతో గీసి కూడా పెట్టింది. వాన వచ్చినప్పుడల్లా చెరిగిపోయేది, మళ్ళీ గీసేది.

ఆ బిట్టు మీద పక్క ఇనుప కొట్టాయన కన్ను మొదటినుంచీ ఉంది. కనబడినప్పుడల్లా, "అన్నా, ఆ మూల నాకిచ్చెయ్, చువ్వలు పడేసుకుంటాను," అనేవాడు. నేను నవ్వి, "నీ చువ్వలకి తుప్పు పడితే నా మీదికొస్తావు," అనేవాణ్ణి. ఆ మధ్యాహ్నం నేనే ఆయన కొట్లోకి వెళ్ళాను. తూకం రాళ్ళ మీద చెయ్యి వేసి, ఇస్తాను తీసుకో అన్నాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత మంచినీళ్ళు తెప్పించాడు. తర్వాత ఒక ధర అన్నాడు.

అది బిట్టు ధర కాదు, నా అవసరం ధర. నేను బేరం ఆడలేదు. ఆయనకే అనుమానం వచ్చి, "ఏమన్నా గొడవలో ఉందా అన్నా స్థలం?" అని అడిగాడు. స్థలం శుభ్రంగానే ఉంది, గొడవలో ఉన్నది నేను అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ విని, డాక్టరమ్మ బోల్టుల మేరకే చాలందా అని మాత్రం అడిగింది. అందని చెప్పాను. దాచలేదు.

"నా పేరు చెప్పారా?"

"లేదు."

"చెప్పమన్నాను కదా."

"నువ్వు చెప్పమంటావు. నేను చెప్పను. అదంతే."

ఆవిడ మొహంలో సంతోషమా, కోపమా నాకు అంతు చిక్కలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చూపు చూడలేదు. "నన్ను కాపాడటానికి నా గది అమ్మారన్నమాట," అంది. అంతే. ఇనుప కొట్టాయన కాగితాలతో మెట్లెక్కి వస్తే కుర్చీ వేసింది. చెప్పిన చోట సంతకం పెట్టింది. కలం ఆయనకి తిరిగిచ్చింది. ఆయన బయానా బల్ల మీద పెట్టి, వెళ్ళేటప్పుడు నాతో కాకుండా ఆవిడతో, "ఏమీ అనుకోకు చెల్లెమ్మా," అన్నాడు.

ఆయన వీధి మొదటికి కూడా చేరి ఉండడు, దుకాణం ఫోను మోగింది. పనికి మనుషులెవరైనా దొరికారేమోనని గబగబా దిగి ఎత్తాను. ఎవరో కొత్త మనిషి. ఇల్లు కట్టి మూడేళ్ళయిందట, పడకగది కప్పు కారుతోందట. ముగ్గురు నలుగురిని చూశాడట. ఎవరి మీదా నమ్మకం కుదరలేదట.

"మీ పేజీ ఇప్పుడే చూస్తున్నానండీ," అన్నాడు. "ఆ పదేళ్ళ పూచీ, ఎవరి తప్పయినా అన్నది, నిజమేనా?"

పొద్దుటినుంచి ఇంత జరిగింది. ఆ పేరా తీసెయ్యాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా ఆవిడ నా వెనకే దిగింది. ఫోను చేత్తో మూసి సంగతి చెప్పాను. తీసెయ్యి అన్నాను. తనకి రాదంది. దాని పాస్‌వర్డు తమ్ముడి దగ్గరే ఉందంది.

"పిలవండి. మీరు పిలిస్తే వస్తాడు. సాయంత్రానికి తీసేస్తాడు."

"నేను పిలవను."

"అయితే ఆయనకి ఏం చెబుతారు?"

అటు ఆ మనిషి హలో, హలో అంటున్నాడు. ఫోను చెవికి ఆనించుకున్నాను. పొద్దున అడిగి ఉంటే కాదని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. మధ్యాహ్నం డాక్టరమ్మ ఎదురుగా నాదే అని వచ్చాను. ఒకే రోజున ఒకే మాట ఒక గుమ్మంలో నాది, ఇంకో గుమ్మంలో కాదు అనడానికి నేనేమీ రాతలు అమ్మే కంపెనీని కాను.

"నిజమే," అన్నాను. "ఇల్లు ఏ వీధిలో?"

మా ఆవిడ నా చేతిలోని ఫోను వంకే చూస్తూ నిలబడింది. తర్వాత తన ఫోను తీసి తమ్ముడికి చేసింది. నేను ఆపలేదు. ఆ మనిషి నాకు గుర్తులు చెబుతున్నాడు, పక్కన మా ఆవిడ చెవి దగ్గర మోగుతూనే ఉంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మేధావి ఎత్తలేదు.

ఆ ఒక్క పూటకి నా చేతిలోంచి పోయింది ఇది: తూర్పున ఇనుప కొట్టు గోడ, పడమట మురుగు కాలువ, దక్షిణాన సందు, ఉత్తరాన మా దుకాణం వెనక తలుపు. ఈ నాలుగు హద్దుల మధ్య, అరవై రెండు గజాల నేల.